ప్లాను కాగితం మీదే మొదలైన సౌర ఇల్లు: 5.4 కిలోవాట్ల వ్యవస్థపై ఒక కేస్ స్టడీ

సౌర విద్యుత్తు పెట్టుకోవాలనుకునే వారిలో చాలామంది నాకు ఇల్లు పూర్తయ్యి, రంగులు వేసి, ఓవర్‌హెడ్ ట్యాంకు డాబా నడినెత్తిన కూర్చున్నాక ఫోన్ చేస్తారు. అప్పుడు నేను చేయగలిగిందల్లా మిగిలిన ఖాళీలో ప్యానెళ్లను సర్దడమే. ఈ కేసులో ఇంటి యజమాని పునాది తవ్వక ముందే ప్లాను కాగితాలతో వచ్చారు. అయినా ఆయన అడిగిన మొదటి ప్రశ్న అందరూ అడిగేదే: "మా డాబా మీద ఎన్ని ప్యానెళ్లు పడతాయండీ?" నేను బదులుగా, మీ ఇంట్లో ఏ గంటకు ఏది నడుస్తుందో చెప్పండి అని అడిగాను. ఆయనకు అది దాటవేతలా అనిపించి ఉంటుంది. కానీ ఈ పని అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది, చివరకు మేము పొరబడింది మాత్రం మరో చోట.

ఇల్లు రెండంతస్తులది, డాబా 9 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు, పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంది. ఉండేవారు ఐదుగురు: దంపతులు, ఇద్దరు పిల్లలు, యజమాని తల్లిగారు. స్థలం ఉత్తరార్ధగోళంలో 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. నీడల లెక్క పూర్తిగా దీని మీదే ఆధారపడుతుంది కాబట్టి, కింద చెప్పే కోణాలను మరో అక్షాంశానికి ఉన్నవి ఉన్నట్టుగా వాడకూడదు.

లోడు లెక్క

లోడు పట్టిక రాయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. యజమాని తన లెక్క తాను చెప్పారు, ఆయన భార్య పక్కనుంచి సవరించారు. వాషింగ్ మెషీన్ వారానికి రెండుసార్లని ఆయన అంటే, "రోజూ వేస్తానండీ, ఆయన చూడరంతే" అని ఆవిడ అన్నారు. ఇల్లు నడిపేవారు ఎదురుగా లేకుండా రాసిన లోడు పట్టికను నేను నమ్మను.

అన్నీ కూడితే వేసవి రోజుకు 21.4 యూనిట్లు వచ్చాయి. అందులో రెండు పడకగదుల ఏసీలవే 11 యూనిట్లకు పైగా: 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీ గది చల్లబడ్డాక సగటున 0.7 కిలోవాట్ లాగుతుందని, రాత్రి 8 గంటలు నడుస్తుందని వేసుకున్న లెక్క ఇది. మిగిలిన సుమారు 10 యూనిట్లలో ఫ్యాన్లు 2.1, ఫ్రిజ్ 1.2, రోజుకు గంట నడిచే ఒక హార్స్‌పవర్ నీళ్ల పంపు 1.1, ఇండక్షన్ పొయ్యి 1.5, విద్యుత్ స్కూటర్ చార్జింగ్ 1.5, కంప్యూటర్లు, టీవీ, ఇస్త్రీ పెట్టె వంటివన్నీ కలిపి 1.8 యూనిట్లు; దీపాలు, వాషింగ్ మెషీన్ చెరి అర యూనిట్.

ఫ్యాన్ల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. పై లెక్కలోని 2.1 యూనిట్లు 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారు) ఫ్యాన్లవి. యజమాని మొదట అనుకున్నది 75 వాట్లు లాగే మామూలు ఫ్యాన్లు. ఏడు ఫ్యాన్లు రోజుకు సగటున పదేసి గంటలు తిరిగితే తేడా 3.15 యూనిట్లు. ఒక 540 వాట్ల ప్యానెల్ రోజుకు ఇచ్చేది రెండు యూనిట్ల పైచిలుకు మాత్రమే. అంటే ఫ్యాన్లు మార్చడం డాబా మీద ఒకటిన్నర ప్యానెల్ పెట్టడంతో సమానం. పైగా ఆ ఆదా రాత్రి కూడా పనిచేస్తుంది, ప్యానెల్ పనిచేయదు.

తరువాత ప్రతి లోడుకూ ఎదురుగా పగలు, రాత్రి, జరపవచ్చు అని మూడు గడులు గీశాను. పంపు, వాషింగ్ మెషీన్, స్కూటర్, ఇస్త్రీ జరపదగినవి. ఏసీ, దీపాలు, రాత్రి ఫ్యాన్లు జరపలేనివి. అప్పటివరకూ తెల్లవారుజామునే పంపు వేసే అలవాటున్న ఆవిడ, "మధ్యాహ్నం వేస్తే మర్నాడు పొద్దుటికి నీళ్లుంటాయా అండీ?" అని అడిగారు. సరైన ప్రశ్నే. దాని ఫలితంగా ట్యాంకును 1000 లీటర్ల నుంచి 1500 లీటర్లకు పెంచాము. నీటిని పైకెక్కించి పెట్టుకోవడమూ ఒక రకంగా కరెంటును దాచుకోవడమే, అదీ బ్యాటరీ కంటే చాలా చవకగా.

నీడ, మెట్లు, ట్యాంకు

ఆర్కిటెక్ట్ ఇచ్చిన తొలి ప్లానులో మెట్లు ఆగ్నేయ మూలన ఉన్నాయి. డాబా మీద మెట్ల గది 2.4 మీటర్ల ఎత్తు, దాని మీద ట్యాంకు మరో 1.5 మీటర్లు, మొత్తం 3.9 మీటర్లు. ప్యానెల్ కింది అంచు స్లాబుకు అర మీటరు పైన ఉంటుంది కాబట్టి, నీడ లెక్కకు వచ్చే ఎత్తు 3.4 మీటర్లు.

17 డిగ్రీల అక్షాంశం వద్ద డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు సుమారు 49.6 డిగ్రీలు. అదే రోజు ఉదయం 9 గంటలకు (గోడ గడియారం 9 కాదు, సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళను 12గా తీసుకున్న 9) అది 30 డిగ్రీలే. అప్పుడు నీడ పొడవు ఎత్తుకు 1.7 రెట్లు ఉంటుంది. సూర్యుడు ఆగ్నేయంగా ఉంటాడు కాబట్టి 3.4 మీటర్ల ట్యాంకు 5.8 మీటర్ల నీడను వాయవ్యంగా, సరిగ్గా డాబా మధ్యకు పరుస్తుంది. ఏడాదిలో ఎండ బలహీనంగా ఉండే నెలల్లో, ఉదయమంతా, డాబాలో అతి మంచి భాగం నీడలో ఉంటుందన్నమాట.

మెట్లను ఈశాన్యానికి మార్చమన్నాను. మెట్లు కదిలితే రెండంతస్తుల గదులూ కదులుతాయి. ఆర్కిటెక్ట్ గారికి అది సంతోషం కలిగించలేదు, వారం తరువాత కొత్త ప్లాను ఇచ్చారు. ఇదే పని స్లాబు పడ్డాక ఎవరికీ సాధ్యం కాదు.

అయితే ఉత్తరాన పెట్టినంత మాత్రాన నీడ సమస్య తీరిపోదు. ఉత్తరార్ధగోళంలో ఉత్తరం వైపు ఏది కట్టినా నీడ పడదన్న నమ్మకం కర్కటరేఖకు ఎగువన ఉన్న ప్రాంతాలకే, అదీ మధ్యాహ్నం వేళకే చెల్లుతుంది. కర్కటరేఖ 23.4 డిగ్రీల దగ్గర ఉంది. 17 డిగ్రీల వద్ద జూన్ 21 ప్రాంతంలో సూర్యుడు మధ్యాహ్నం సైతం నడినెత్తికి 6.4 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు, ఉదయం సాయంత్రాలు ఇంకా ఎక్కువగా ఉత్తరానికి వాలతాడు. ఆ రోజు ఉదయం 8 గంటలకు ఎత్తు 34 డిగ్రీలు, నీడ 5.1 మీటర్లు, అందులో దక్షిణానికి జరిగే భాగం 1.5 మీటర్లు. అందుకని మెట్ల గది దక్షిణపు గోడ నుంచి 1.8 మీటర్లు వదిలిన తరువాతే ప్యానెళ్ల హద్దు గీశాము. పిడుగు వాహక కడ్డీని కూడా మెట్ల గది ఉత్తరపు అంచునే నిలబెట్టాము.

ప్యానెళ్లు, వాటి దిక్కు, వోల్టేజీ

ఎంచుకున్నది 540 వాట్ల మోనోక్రిస్టలిన్ హాఫ్‌కట్ ప్యానెల్, 2278 మిల్లీమీటర్ల పొడవు, 1134 వెడల్పు, సుమారు 28 కిలోల బరువు. చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండలో ఇది 20.9 శాతం సామర్థ్యం. 1954లో బెల్ ల్యాబ్స్ చూపిన తొలి ఆచరణయోగ్యమైన సిలికాన్ సెల్ 6 శాతం దగ్గర ఉండేది; ఆ సామర్థ్యంతో అయితే ఈ ఇంటి అవసరానికి డాబా మొత్తం కప్పినా అంతంతమాత్రమే.

రోజుకు కిలోవాట్‌కు 4 యూనిట్లు అన్నది నా పని లెక్క. రోజుకు సగటున చదరపు మీటరుకు 5.2 యూనిట్ల ఎండ వస్తుందనుకుని, వేడి వల్ల పోయే 10 శాతం, దుమ్ము, ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడేలా మార్చే ఇన్వర్టర్, తీగలు, ప్యానెళ్ల మధ్య తేడాలు అన్నీ తీసేస్తే దాదాపు ఆ అంకే వస్తుంది. పది ప్యానెళ్లు, 5.4 కిలోవాట్లు, రోజుకు ఏడాది సగటున 21 యూనిట్ల పైచిలుకు. వేసవి తప్ప మిగిలిన నెలల్లో ఇది ఇంటి వాడకానికి మించిందే. రెండు మూడేళ్లలో విద్యుత్ కారు కొనే ఉద్దేశం ఉందని చెప్పారు కాబట్టి తగ్గించలేదు.

పదింటినీ దక్షిణానికి తిప్పలేదు. ఆరు దక్షిణానికి, నాలుగు పడమటికి పెట్టాము. 17 డిగ్రీల వద్ద 12 డిగ్రీల వాలుతో పడమటికి తిరిగిన ప్యానెల్, దక్షిణానికి తిరిగినదానికంటే ఏడాది మొత్తం మీద నాలుగైదు శాతమే తక్కువ ఇస్తుంది. బదులుగా సాయంత్రం ఇంట్లో వాడకం పుంజుకునే వేళకు తన పంటను జరుపుతుంది. అక్షాంశంతో సమానంగా 17 డిగ్రీల వాలు ఇవ్వాలన్నది పుస్తకాల మాట. 12 డిగ్రీలకు తగ్గిస్తే ఉత్పత్తిలో పోయేది ఒక శాతం లోపే, గాలి ఒత్తిడిలో లాభం అంతకంటే ఎక్కువ. 10 డిగ్రీల కంటే మాత్రం తగ్గనివ్వను, వాన నీరు దుమ్మును కడుక్కుంటూ జారిపోవాలంటే ఆపాటి వాలు ఉండాలి.

ప్యానెళ్లను పడకగదుల పైన వచ్చేలా సర్దడం యాదృచ్ఛికం కాదు. 15 సెంటీమీటర్ల కాంక్రీటు స్లాబు మధ్యాహ్నం తాగిన వేడిని నాలుగైదు గంటల తరువాత కింది గదిలోకి వదులుతుంది, అంటే మనుషులు పడుకోవడానికి వెళ్లే వేళకు, సూర్యుడు దిగిపోయాక. ప్యానెళ్ల నీడ, దాని కింద స్లాబు మీద 50 మిల్లీమీటర్ల ఉష్ణనిరోధక ఫోమ్ పలకలు, ఆపైన తెల్లని టైల్స్ కలిసి ఆ వేడిని మొదట్లోనే ఆపుతాయి. ఈ ఒక్క నిర్ణయం ఏసీల లెక్కను ఎలా మార్చిందో తరువాత చెబుతాను.

వోల్టేజీ లెక్కను చలికి ఒకసారి, ఎండకు ఒకసారి చేయాలి. ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ (ఏ లోడూ కలపనప్పటి) వోల్టేజీ 49.5, పనిచేసే వోల్టేజీ 41.6. ఉష్ణోగ్రత తగ్గితే వోల్టేజీ పెరుగుతుంది. ఆరు ప్యానెళ్లను వరుసగా ఒకదానికొకటి కలిపిన స్ట్రింగు 25 డిగ్రీల వద్ద 297 వోల్టులైతే, 10 డిగ్రీల చలి ఉదయాన 309. ఇన్వర్టర్ గరిష్ఠ పరిమితి 550 కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. నాలుగు ప్యానెళ్ల స్ట్రింగుకు భయం అటువైపు నుంచి వస్తుంది: పనిచేసే వోల్టేజీ 166, సెల్ 70 డిగ్రీలకు కాగితే 140కి పడిపోతుంది. కొన్ని ఇన్వర్టర్ల ఎంపీపీటీ (ప్యానెళ్ల నుంచి గరిష్ఠ శక్తిని రాబట్టే భాగం) 150 కింద పనిచేయదు. అందుకే 90 వోల్టుల నుంచి పనిచేసే, రెండు వేర్వేరు ఎంపీపీటీలున్న 5 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టర్‌ను ఎంచుకున్నాము. రెండు దిక్కుల ప్యానెళ్లను ఒకే స్ట్రింగులో కలిపితే, తక్కువ ఎండ పడినది మిగిలినవాటన్నిటి కరెంటునూ తన స్థాయికి దించేస్తుంది.

5.4 కిలోవాట్ల ప్యానెళ్లకు 5 కిలోవాట్ల ఇన్వర్టర్ సరిపోతుందా అని యజమాని అడిగారు. సెల్ 65 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు, ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గి, 540 వాట్ల ప్యానెల్ 464 వాట్లే ఇస్తుంది. పది కలిపితే 4.64 కిలోవాట్లు. ఎండలో నిలబడిన ప్యానెల్ వెనుక ఒకసారి చేయి పెట్టి చూసినవారికి ఈ లెక్క వివరించక్కర్లేదు.

స్లాబు పోయక ముందు చేసినవి

ప్యానెళ్ల బరువు గురించి అందరూ అడుగుతారు. స్టాండ్లతో కలిపినా చదరపు మీటరుకు 15 కిలోల చుట్టుపక్కలే, స్లాబుకు అది లెక్కలోది కాదు. గాలి విషయం వేరు. సెకనుకు 44 మీటర్ల గాలికి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 1160 న్యూటన్లు. ఆకార గుణకాన్ని 1గా తీసుకున్నా, 2.58 చదరపు మీటర్ల ఒక్కో ప్యానెల్ మీద దాదాపు 300 కిలోల లేపే బలం పనిచేస్తుంది. 28 కిలోల ప్యానెల్‌ను పట్టి ఉంచవలసింది దాని బరువు కాదు, కింది బోల్టు.

పూర్తయిన డాబాలో ఆ బోల్టు కోసం డ్రిల్లు వేయాలి. ప్రతి రంధ్రం వాటర్‌ప్రూఫింగ్‌ను చీలుస్తుంది, కొన్ని వానాకాలాల తరువాత పడకగది సీలింగు మీద మరక దాన్ని గుర్తుచేస్తుంది. ఇక్కడ స్లాబు ఊచలు కట్టే రోజునే పెడెస్టళ్ల (స్టాండ్లు నిలిచే చిన్న కాంక్రీటు దిమ్మల) స్థానాలకు నిలువు ఊచలు వదిలించాము. సెంట్రింగ్ మీద నిలబడి, మేస్త్రీ గారితో కలిసి దారం పట్టి, పదహారు స్థానాలకు సుద్దతో గుర్తులు పెట్టాను. రెండు గుర్తులు కింది బీము పక్కకు తప్పితే, మళ్లీ కొలిచి బీము మీదికి జరిపాము. స్లాబు పోశాక 300 మిల్లీమీటర్ల ఎత్తు పెడెస్టళ్లు పోసి, వాటిలోనే బోల్టులు కూర్చాము. వాటర్‌ప్రూఫింగ్ పొరను పెడెస్టల్ చుట్టూ పైదాకా తిప్పాము. నేటికీ డాబాలో ఒక్క డ్రిల్లు రంధ్రం లేదు.

తీగలకు గోడలోనే డక్టు వదిలాము. ఇన్వర్టర్ దాకా దూరం 18 మీటర్లు, అంటే రాకపోకలు 36. నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగలో 13 ఆంపియర్లకు 2.4 వోల్టులు పోతాయి. ఆరు ప్యానెళ్ల స్ట్రింగుకు అది ఒక శాతం లోపు, నాలుగు ప్యానెళ్లదానికి దాదాపు ఒకటిన్నర శాతం. రెండింటికీ ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగే వాడాము. ప్యానెళ్ల నుంచి వచ్చేది ఒకే దిశలో పారే డీసీ కరెంటు; దాని స్విచ్చులు, ఐసొలేటర్లు డీసీకే రేటు చేసినవై ఉండాలి. ఇంట్లోని 50 హెర్ట్జ్ ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి నిప్పురవ్వ దానంతట అదే ఆరుతుంది. డీసీకి ఆ విరామం లేదు. ఏసీ కరెంటుకు చేసిన ఎమ్‌సీబీని (కరెంటు మితిమీరితే తెగే స్విచ్చును) డీసీ లైనులో బిగించిన పెట్టెలను నేను చూశాను, వాటి లోపలి నలుపును కూడా.

ఇన్వర్టర్‌నూ బ్యాటరీనీ కింది అంతస్తులో, ఉత్తరపు గోడకు, గాలి ఆడే చోట పెట్టాము. పరిసరాల వేడి 45 డిగ్రీలు దాటితే ఇన్వర్టర్ తన ఉత్పత్తిని తానే తగ్గించుకుంటుంది, బ్యాటరీ ఆయుష్షు తరుగుతుంది.

బ్యాటరీ, రెండు బోర్డులు

గ్రిడ్ (బయటి లైను సరఫరా) పోతే, గ్రిడ్‌కు కట్టిన సౌర ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి ఇంటి నుంచి షాకు కొట్టకుండా ఈ నియమం పెట్టారు. పట్టపగలు ఎండ కాస్తుండగా కరెంటు పోవడం చాలామంది యజమానులకు మింగుడుపడదు. హైబ్రిడ్ ఇన్వర్టర్ గ్రిడ్ నుంచి తెగిపోయి, అత్యవసర బోర్డును మాత్రం బ్యాటరీ, ప్యానెళ్ల మీద నడుపుతుంది.

అత్యవసర బోర్డులో దీపాలు, ఫ్యాన్లు, ఫ్రిజ్, ఇంటర్నెట్, ఒక టీవీ ఉన్నాయి. రాత్రి మొత్తం 12 గంటల పాటు వాటి అవసరం 2.4 యూనిట్లు. 51.2 వోల్టులు, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 5.12 యూనిట్లు ఉంటాయి. 80 శాతమే వాడి, మార్పిడి నష్టం తీస్తే 3.85 యూనిట్లు చేతికొస్తాయి. రెండు ఏసీలూ బ్యాటరీ మీదే నడవాలంటే ఇలాంటివి మరో మూడు కావాలి. ఏడాదిలో నాలుగైదు నెలల కోసం కొని మిగతా కాలం ఊరికే ఉంచుకునే బ్యాటరీని నేను సిఫారసు చేయలేకపోయాను.

రెండు బోర్డులతో వచ్చే తంటా న్యూట్రల్‌ది, అంటే కరెంటు తిరిగివచ్చే తీగది. ఫేజు తీగలను విడదీయడం ఏ ఎలక్ట్రీషియన్ మరవడు, న్యూట్రల్‌ను మాత్రం దగ్గరలో ఏది దొరికితే దానికి కలిపేస్తాడు. అప్పగింతకు ముందు మెయిన్ ఆపి పరీక్షించినప్పుడు, హాలులో ఫ్యాను వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంపే స్విచ్చు) ట్రిప్ అయింది. స్విచ్‌బోర్డు విప్పితే, అత్యవసర బోర్డు నుంచి వచ్చిన ఫ్యాను న్యూట్రల్, మామూలు బోర్డు నుంచి వచ్చిన 16 ఆంపియర్ల సాకెట్ న్యూట్రల్‌తో ఒకే టేపు చుట్ట కింద ఉంది. కరెంటు ఒక బోర్డు నుంచి వెళ్లి మరో బోర్డుకు తిరిగివస్తుంటే ఆర్‌సీసీబీ దాన్ని లీకేజీగానే చూస్తుంది. ఇలాంటి చోట్లు మూడు దొరికాయి. అప్పటి నుంచి ప్రతి పనిలోనూ అత్యవసర న్యూట్రల్‌కు నీలం రంగు తీగ, మామూలుదానికి నలుపు అని ముందే రాసి ఇస్తున్నాను.

నా పొరపాటు

ఇంట్లో చేరిన మొదటి చలికాలంలో, రోజువారీ గ్రాఫులు చూస్తుండగా పడమటి స్ట్రింగులో ఒక పళ్లెం లాంటి లోతు కనిపించింది. మబ్బు లేని ప్రతి రోజూ, మధ్యాహ్నం 3 గంటల 10 నిమిషాల నుంచి 3 గంటల 50 నిమిషాల వరకు, 1.2 కిలోవాట్లు ఉండవలసింది 0.8కి దిగుతోంది. మబ్బు గడియారం చూసుకుని రాదు. ఇది నీడే.

మర్నాడు మూడింటికి డాబా ఎక్కి కూర్చున్నాను. పడమటి పిట్టగోడ పక్కన, స్నానాల గది డ్రైనేజీ వెంట్ పైపు స్లాబుకు రెండు మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. నాలుగంగుళాల ప్లాస్టిక్ పైపు. దాని నీడ నేల మీద పాకి, ప్యానెల్ అంచు ఎక్కి, ఒక సెల్ వరుస మీద మెల్లగా నడిచింది. నేను స్ట్రక్చరల్, ఎలక్ట్రికల్ డ్రాయింగులన్నీ పోల్చి చూశాను. ప్లంబింగ్ డ్రాయింగు అడగనే లేదు. తప్పు ప్లంబర్‌ది కాదు.

అయితే అంత సన్నని నీడ మూడోవంతు ఎలా తిన్నది? ప్రతి ప్యానెల్‌లో, నీడ పడిన భాగాన్ని తప్పించి కరెంటును పక్కనుంచి పోనిచ్చే మూడు బైపాస్ డయోడ్లుంటాయి, నాలుగు ప్యానెళ్లకు పన్నెండు భాగాలు. నీడ ఒక భాగం మీదే ఉంది కాబట్టి ఆ భాగాన్ని పక్కకు పెట్టి మిగిలిన పదకొండు పూర్తిగా పనిచేస్తే నష్టం పన్నెండో వంతే, 1.1 కిలోవాట్లు రావాలి. ఇన్వర్టర్ అలా చేయలేదు. నీడ పడినప్పుడు ప్యానెళ్ల శక్తి వక్రరేఖకు రెండు శిఖరాలు ఏర్పడతాయి: పదకొండు భాగాలతో పూర్తి కరెంటు వద్ద ఒకటి, పన్నెండూ కలిసి నీడ సెల్ ఇవ్వగల తక్కువ కరెంటు వద్ద మరొకటి. నీడ మెల్లగా వచ్చింది కాబట్టి ఎంపీపీటీ ఎక్కువ వోల్టేజీ వైపున్న చిన్న శిఖరం మీదే ఉండిపోయి, అదే కొండ కొస అనుకుంది. నీడ పడ్డ సెల్ మూడింట రెండు వంతుల కరెంటు ఇస్తుంటే స్ట్రింగు మొత్తం అంతే ఇస్తుంది: 0.8 కిలోవాట్లు.

ఇన్వర్టర్ సెట్టింగుల్లో నీడ స్కానింగ్ అనే వెసులుబాటు ఆపేసి ఉంది. దాన్ని ఆన్ చేయగానే, కొద్ది నిమిషాలకోసారి వోల్టేజీ పరిధి మొత్తం వెతికి, పెద్ద శిఖరాన్ని పట్టుకుంది. ఆ సాయంత్రమే లోతు చాలావరకు పూడింది. తరువాత పైపును పిట్టగోడ వెంట రెండు బెండ్లతో ఉత్తరానికి రెండున్నర మీటర్లు జరిపించాము. ఆ ఖర్చు నేను పెట్టుకున్నాను.

ఏడాది రీడింగులు

మొదటి పూర్తి ఏడాదిలో ప్యానెళ్లు ఇచ్చింది 7,400 యూనిట్లు, ఇల్లు వాడింది 5,200. వార్షిక లెక్కలో ఇది తన అవసరానికి మించి పండించిన ఇల్లు, యజమాని బంధువులకు అలాగే చెబుతున్నారు. నేను చూసేది వేరే అంకె. వాడిన 5,200లో ప్యానెళ్ల నుంచి నేరుగానో, బ్యాటరీ ద్వారానో వచ్చింది 2,900. గ్రిడ్ నుంచి వచ్చింది 2,300. గ్రిడ్‌కు వెళ్లింది 4,500. తన గంటల్లో తన కరెంటుతో ఈ ఇల్లు నడిచింది 56 శాతం. మిగిలిన 44 శాతాన్ని గ్రిడ్ మోసింది, దాని విలువ పూర్తిగా అక్కడి మీటరు నిబంధనల చేతిలో ఉంటుంది. నిబంధన మారితే 7,400 అన్న అంకె మారదు, దాని ప్రయోజనం మారిపోతుంది.

చేరిన మొదటి నెల ఈ వాటా 41 శాతమే. ప్యానెల్ ఒక్కటీ చేర్చకుండా పెరిగింది. పంపుకు టైమర్ పెట్టి ఉదయం 11కి మార్చాము, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పదింటి తరువాతకు జరిగాయి, స్కూటర్ వారాంతం పగళ్లలోనూ, వారం మధ్య రోజుల్లో యజమాని ఇంటి నుంచి పనిచేసే పూటా చార్జ్ అవుతోంది. అన్ని సలహాలూ ఫలించలేదు. సాయంత్రం నాలుగింటి నుంచే పడకగదులను ఏసీతో చల్లబరిచి పెట్టుకోమని చెప్పాను. లెక్కలో బాగుంది. ఖాళీ గదిలో ఏసీ తిరుగుతుంటే యజమాని తల్లిగారు వెళ్లి ఆపేసేవారు. వారంలో ఆ ప్రయోగం ముగిసింది, ఆవిడతో వాదించే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

ఏసీల మాటకొస్తే, రాత్రికి 11.2 యూనిట్లని వేసుకున్న లెక్క వేసవిలో సగటున 7.5 దగ్గర ఆగింది. పైకప్పు మీద ఫోమ్ పలకలు, ప్యానెళ్ల నీడ ఏది ఎంత తగ్గించిందో విడదీసి కొలవలేదు. పడమటి కిటికీలకు వేసిన సన్‌షేడ్ల పాత్ర కూడా ఉంది. ఆ 7.5 యూనిట్లను బ్యాటరీ మీదికి తేవాలంటే ఇప్పుడు మూడు కాదు, రెండు పెట్టెలు చాలు.

బ్యాటరీ గోడ పక్కన ఆ రెండు పెట్టెలకు స్థలం, ఖాళీ పైపు, బోర్డులో ఒక బ్రేకరు గడి మొదటి నుంచే వదిలి ఉన్నాయి. యజమాని ఈ వేసవికే కొందామంటున్నారు. కారు వచ్చాక పగటి మిగులు ఎంత ఉంటుందో ఒక్క ఏడాది రీడింగులు చూద్దామని చెప్పాను. మీటరు అంకెలు నెలనెలా ఒకటో తారీఖున ఆయన భార్య నోటు పుస్తకంలో రాసి, ఫోటో తీసి పంపుతున్నారు.